గోడలు లేని సండేస్కూలు

క్రిస్మస్ నక్షత్రాలు దించి అటక మీద పెట్టేశాం. కొత్త సంవత్సరపు వాగ్దాన వాక్యం గోడకు అంటించాం. సంక్రాంతి సెలవులు కూడా ముగిశాయి. సంఘంలో ఇక మళ్లీ సందడి అంటే శ్రమల దినాల్లోనే, ఈస్టరుకే అనుకుంటాం. మధ్యలో ఉన్న ఏడెనిమిది వారాలు ఎవరికీ పట్టకుండా గడిచిపోతాయి.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో బతికేవాళ్లకు దేవుడు ఏడాది మొత్తంలో ఇచ్చే మంచి వారాలు నిజానికి ఇవే. ఏప్రిల్ వస్తే ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పిల్లలను గడప దాటనివ్వం. వానాకాలంలో నల్లరేగడి నేల చెప్పులతో సహా కాలును పట్టేసుకుంటుంది. జనవరి చివరి నుంచి మార్చి రెండో వారం దాకా మాత్రం పొద్దున చలి కొంచెం మిగిలి ఉంటుంది, సాయంత్రం గాలి హాయిగా ఉంటుంది, నేల పొడిగా ఉంటుంది. అవ్వ మొదలుకొని చంటిబిడ్డ వరకు ఇంటిల్లిపాదీ కలిసి బయట నడవగలిగే కాలం ఇది. సంక్రాంతి వెళ్లాక ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో అహోబిలం పారువేట ఉత్సవం వారాల తరబడి సాగుతుంది. ఈ కాలం ఊరు దాటి తిరిగే కాలమని ఈ నేల మీద పుట్టిన పెద్దలందరికీ తెలుసు.

మరి మన విశ్వాసుల కుటుంబాలు ఈ వారాల్లో ఎక్కడ ఉంటున్నాయి? పిల్లలు ట్యూషన్లలో ఉంటారు. పెద్దలు టీవీ ముందు ఉంటారు. మిగిలిన సమయమంతా అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఆదివారం ఆరాధన నుంచి ఇంటికి, ఇంటి నుంచి మళ్లీ సాయంకాల కూటానికి. ఆ రెంటి మధ్యా దేవుడు చేసిన లోకం ఉంది. దాన్ని మన పిల్లలు బస్సు కిటికీలోంచి మాత్రమే చూస్తున్నారు.

దేవుడు ఎక్కడ నేర్పించాడు?

బైబిల్ తెరచి చూడండి. దేవుడు తన వారికి పాఠం చెప్పాలనుకున్నప్పుడు ఎన్నిసార్లు వారిని బయటికి పిలిచాడో లెక్కపెట్టండి. అబ్రాహాము గుడారంలో కూర్చుని దిగులుపడుతుంటే ఆయన అతన్ని వెలుపలికి తీసుకువచ్చి, చుక్కలను లెక్కపెట్టగలవేమో చూడమన్నాడు (ఆదికాండము 15:5). ఇస్సాకు సాయంకాలం ధ్యానించడానికి పొలంలోకి వెళ్లాడు (ఆదికాండము 24:63). సొలొమోను జ్ఞానాన్ని వర్ణిస్తూ గ్రంథకర్త అతడు లెబానోను దేవదారు నుంచి గోడలో మొలిచే చిన్న మొక్క దాకా చెట్లన్నిటి గురించి, పశువులు, పక్షులు, పురుగులు, చేపల గురించి మాట్లాడాడని రాశాడు (1 రాజులు 4:33). రాజుకు చెట్ల పేర్లు తెలియడం కూడా దేవుడిచ్చిన జ్ఞానంలో భాగమే!

ఆజ్ఞలను పిల్లలకు నేర్పించమని మోషే చెప్పినప్పుడు ఇంట్లో కూర్చున్నప్పుడే కాదు, త్రోవలో నడిచేటప్పుడు కూడా వాటిని గురించి మాట్లాడమన్నాడు (ద్వితీయోపదేశకాండము 6:7). ఇంట్లో కూర్చుని చేసే కుటుంబ ప్రార్థన మన దగ్గర ఇంకా నిలిచే ఉంది, దేవునికి స్తోత్రం. త్రోవలో నడిచే భాగం ఏమైంది? ఆ ఆజ్ఞలో సగం మనం నెమ్మదిగా వదిలేశాం.

ఇక మన ప్రభువు సంగతి చెప్పనక్కరలేదు. ఆకాశపక్షులను చూడమన్నాడు, అడవి పువ్వులు ఎలా ఎదుగుతున్నాయో ఆలోచించమన్నాడు (మత్తయి 6:26, 28). ఈ మాటలను ఓదార్పు వాక్యాలుగా చదువుకుంటాం గాని అవి ఆజ్ఞలని గుర్తించం. ప్రపంచ ప్రఖ్యాత ఆంగ్లికన్ బోధకుడు జాన్ స్టాట్ (1921-2011) ఈ సంగతిని పదే పదే గుర్తుచేసేవారు. ఆయన బైబిలు వ్యాఖ్యాతే కాదు, జీవితాంతం పక్షులను పరిశీలించిన మనిషి. పక్షులను మన ఉపాధ్యాయులుగా చూపిస్తూ 1999లో ఒక పుస్తకమే వెలువరించారు. ఆయనకు ఈ అలవాటు ఎక్కడిది? వైద్యుడైన తండ్రి చిన్నతనంలో ఆయన్ను పొలాల వెంట నడిపిస్తూ, నోరు మూసుకుని కళ్లు, చెవులు తెరిచి ఉంచమని నేర్పించాడట. ఆ తండ్రి విశ్వాసి కూడా కాదు. విశ్వాసం లేని తండ్రి కుమారునికి ఇవ్వగలిగిన దాన్ని, విశ్వాసులమైన మనం మన పిల్లలకు ఇవ్వలేమా?

మట్టి అంటే సిగ్గెందుకు?

ఈ మాట చెప్పినప్పుడల్లా మా సంఘాల్లో మాకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. అది న్యాయమైన ప్రశ్న. "అయ్యగారూ, మేం పొద్దున లేస్తే పొలంలోనే ఉంటాం. శనగ పీకి, మిరప కోసి నడుములు విరిగిపోతున్నాయి. మళ్లీ ఆదివారం కూడా పొలం గట్టుకే పోదామంటారా?" అని తల్లులు అడుగుతారు. చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడిన వారి జవాబు ఇంకో రకంగా ఉంటుంది. "మా అమ్మా నాయనా ఎండలో మాడిపోయి మమ్మల్ని నీడకు చేర్చారు. మా పిల్లలను మళ్లీ మట్టిలోకి ఎందుకు తీసుకుపోవాలి?"

ఈ రెండు మాటల వెనకా కన్నీళ్లున్నాయి. 19వ శతాబ్దంలో ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల కేంద్రాలుగా ఎస్‌.పి.జి. మిషన్ సువార్త పని జరిగినప్పుడు ప్రభువును అంగీకరించినవారిలో అధికులు ఇతరుల పొలాల్లో కూలి చేసిన పేదలే. వారి మనవలకు, మునిమనవలకు పొలం అంటే కష్టం, అవమానం గుర్తుకు రావడం సహజం. దాన్ని తేలికగా కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు.

కాని ఒక్కటి ఆలోచించండి. కూలికి పొలం వెళ్లడం వేరు, పిల్లవాని చేయి పట్టుకుని అదే గట్టు మీద నడవడం వేరు. మొదటిదానిలో పొలం యజమానిది, గంటలు యజమానివి. రెండోదానిలో పొలం ఎవరిదైనా గట్టు మీది గాలి, ఎగిరే పిట్ట, పైనున్న ఆకాశం మన తండ్రివి. విశ్రాంతి దినపు ఆజ్ఞలో దాసుడూ దాసీ నీవలెనే విశ్రమించాలని దేవుడు చెప్పాడు. ఐగుప్తులో మీరూ దాసులేనని గుర్తుచేశాడు (ద్వితీయోపదేశకాండము 5:14-15). చెమట కార్చిన నేలను ఒక్క సాయంత్రం పని లేకుండా తీరికగా చూడగలగడం కూడా విడుదలే. నడుము నొస్తున్న తల్లి గట్టు మీద నడవనక్కరలేదు. చెట్టు నీడన కూర్చుని పిల్లలు అడిగినదానికి జవాబు చెబితే చాలు.

ఇంకో సంగతి. మొన్న సండేస్కూలు పిల్లలతో కలిసి పొలాల వైపు వెళ్లినప్పుడు ఒక కుర్రవాడు బాట పక్క మొక్కను చూపించి, "అయ్యగారూ, ఇదేం చెట్టు?" అని అడిగాడు. మేము జవాబు వెతుక్కునేలోగా వెంట వచ్చిన వాని అవ్వ అందుకుంది. "ఉత్తరేణి రా నాయనా. మా చిన్నప్పుడు దీంతోనే పండ్లు తోముకునేవాళ్లం. గుడ్డకు అంటుకుంటే ఊడదు చూడు" అంది. అక్కడ మొదలుపెట్టి తుమ్మ, తంగేడు, తుత్తురబెండ, పల్లేరు... ఒక్కొక్కటి చెబుతూనే ఉంది. ఆ అవ్వ సంతకం పెట్టలేదు. ఇంట్లో ఇంగ్లిషు చదివే మనవని ముందు ఎప్పుడూ తగ్గి మాట్లాడుతుంది. ఆ పూట మాత్రం ఆమే టీచరు, మేమందరం విద్యార్థులం.

ఆదాము చేసిన మొదటి పని జీవులకు పేర్లు పెట్టడం (ఆదికాండము 2:19). ఈ ప్రాంతపు చెట్టుకూ పిట్టకూ పురుగుకూ ఉన్న పేర్లు మన పెద్దల నోళ్లలో ఇంకా బతికి ఉన్నాయి. వారితోపాటే అవి సమాధిలోకి పోకముందే పిల్లల చెవుల్లో పడాలి. మన అవ్వల జ్ఞానం సిగ్గుపడవలసినది కాదు. అది పొలం, పుట్ర లేనివారికి కూడా దేవుడిచ్చిన స్వాస్థ్యం.

కుటుంబంతో ఏం చేయవచ్చు?

ఖర్చు లేకుండా, పెద్ద ప్రయాణాలు లేకుండా చేయగలిగినవి కొన్ని చెబుతాం.

మొదటిది గట్టు నడక. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది లోపు, లేదా సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేలోపు. ఈ రోజుల్లో మన నల్లరేగడి పొలాల్లో శనగ కోతకు వస్తుంది, జొన్న కంకులు గింజ పట్టి ఉంటాయి. లేత జొన్న కంకిని కాల్చి నలిపి తినే ఊసబియ్యం రుచి మన పిల్లల్లో ఎందరికి తెలుసు? ప్రభువు శిష్యులు విశ్రాంతి దినాన పంటచేలో నడుస్తూ వెన్నులు తుంచారని మార్కు రాశాడు (మార్కు 2:23). చేతితో తుంచుకోవచ్చు గాని పొరుగువాని చేలో కొడవలి వేయకూడదని ధర్మశాస్త్రం (ద్వితీయోపదేశకాండము 23:25). ఆ వచనాలను చేను పక్కన నిలబడి చదివి చూడండి. రైతును అడిగి ఒక కంకి తీసుకోండి. అడిగి తీసుకోవడం కూడా పిల్లలకు పాఠమే. కోత అయిన చేలలో చీమలు గింజలు మోసుకుపోయి, పొట్టును పుట్ట వాకిట బయట గుండ్రంగా పోసి ఉంచుతాయి. సోమరిని చీమల దగ్గరికి పొమ్మన్న సామెతల గ్రంథం (6:6-8) పిల్లలకు ఆ పొట్టు చూస్తే అర్థమైనంతగా బల్ల మీద పుస్తకంలో చదివితే అర్థం కాదు.

రెండోది ఒక చెట్టుతో స్నేహం. ఇంటి దగ్గరో చర్చి ఆవరణలోనో ఒక చెట్టును ఎంచుకోండి. ఇప్పటి నుంచి ఈస్టరు దాకా ప్రతి ఆదివారం కుటుంబమంతా ఐదు నిమిషాలు దాని దగ్గర నిలబడండి. ఏం మారిందో పిల్లలు నోటుపుస్తకంలో బొమ్మ గీసి, తేదీ వేయాలి. అంతే. రావి ఆకులు రాలి, రాగి రంగు చిగుళ్లు తొడగడం చూస్తారు. బూరుగ చెట్టు ఆకు లేకుండానే ఎర్రటి పూలతో నిండిపోవడం, తేనె కోసం పిట్టలు గుంపులు కట్టడం చూస్తారు. నల్లమల పాదాల వైపు వెళితే మోదుగలు మంట అంటుకున్నట్టు పూస్తాయి. మార్చి దాటేసరికి వేప పూత వాసన వీధంతా నిండుతుంది.

మామిడి తోట దగ్గరుంటే ఇంకా మంచిది. మన జిల్లాలోని బనగానపల్లె పేరుతోనే ఆ మామిడి లోకమంతటా ప్రసిద్ధి పొందింది, 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. పూత కాలంలో ఒక గుత్తి పట్టుకుని పూలు లెక్కపెట్టమని పిల్లలకు చెప్పండి. వందల మీద లెక్క తప్పుతుంది. అందులో కాయగా నిలిచేవి ఒకటో రెండో. విత్తువాని ఉపమానంలో ఎన్నో విత్తనాలు పడినా ఫలించినవి కొన్నే. ఆ గుత్తి కింద నిలబడితే దేవుని ధారాళమూ ఆయన ఓర్పూ రెండూ తెలుస్తాయి.

మూడోది పక్షులు. కుందూ నది ఒడ్డున, కె.సి. కాలువ గట్టున, ఆళ్లగడ్డ వైపు వక్కిలేరు పక్కన, ఊరి చెరువుల దగ్గర ఒక అరగంట కదలకుండా కూర్చుంటే చాలు. లకుముకి పిట్ట నీళ్లలోకి దూకుతుంది. తీగ మీద పాలపిట్ట కూర్చుంటుంది. ఫిబ్రవరి చివరికి కోకిల గొంతు సవరించుకుంటుంది. జొన్న చేలపై గులాబీ రంగు గోరువంకలు మబ్బులా వాలి, లేస్తాయి. అవి మన ఊరివి కావు. తూర్పు ఐరోపా, మధ్య ఆసియా దేశాల్లో పుట్టి చలికాలానికి ఇక్కడికి వచ్చి, ఏప్రిల్‌కల్లా తిరిగి వెళ్లిపోతాయి. దారి చూపించే ఫోన్ వాటికి లేదు. ఆకాశంలో ఎగిరే కొంగకు కూడా తన కాలం తెలుసు గాని నా ప్రజలకు నా విధి తెలియదని యిర్మీయా ద్వారా దేవుడు బాధపడింది (యిర్మీయా 8:7) ఇలాంటి వలస పక్షులను చూపించే. చూడని పిల్లవానికి ఆ వాక్యంలోని బాధ ఎలా తగులుతుంది?

తీతువు పిట్ట అరిస్తే చావు కబురని మన ఇళ్లలో ఇంకా భయపడేవారున్నారు. మార్చి నుంచి అది నేల మీదే, రాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. ఎవరైనా దగ్గరికి వస్తే గోల చేస్తూ చుట్టూ తిరుగుతుంది. అపశకునమని మనం భయపడే ఆ అరుపు బిడ్డల కోసం ఒక తల్లి పడే ఆరాటం. దాన్ని కళ్లారా చూసిన పిల్లవానిలో మూఢనమ్మకం తనంతట తానే రాలిపోతుంది. గూటి జోలికి మాత్రం వెళ్లనివ్వకండి. గుడ్ల మీదో పిల్లల మీదో ఉన్న తల్లిపిట్టను పిల్లలతో పాటు పట్టుకోకూడదని ధర్మశాస్త్రంలో దేవుడు ప్రత్యేకంగా ఆజ్ఞ ఇచ్చాడు (ద్వితీయోపదేశకాండము 22:6-7).

నాలుగోది రాత్రి ఆకాశం. ఫిబ్రవరిలో చీకటి పడ్డాక మిద్దె ఎక్కి తల పైకెత్తండి. వరుసగా మూడు చుక్కలు, చుట్టూ నాలుగు చుక్కలతో మృగశిర కనిపిస్తుంది. దానికి కొంచెం పడమరగా చిన్న గుత్తిలా కృత్తికలుంటాయి. యోబును దేవుడు ప్రశ్నించినప్పుడు ఈ రెంటి పేర్లే ఎత్తాడు (యోబు 38:31). వేల ఏళ్ల క్రితం ఆ బాధితుడు చూసిన చుక్కలనే నంద్యాల మిద్దె మీద మన పిల్లలు చూస్తారు. కృత్తికలను మన పల్లెల్లో పిల్లలకోడి అని కూడా అంటారు. కోడి తన పిల్లలను రెక్కల కింద చేర్చుకున్నట్టు నిన్ను చేర్చుకోవాలని ఎన్నిసార్లు కోరుకున్నానో అని యెరూషలేము కోసం ప్రభువు దుఃఖించిన మాట (లూకా 13:34) ఆ చుక్కల కింద కూర్చుని చదవండి. ఆ రాత్రి కుటుంబ ప్రార్థన ఎవరినీ బతిమాలి చేయించనక్కరలేదు.

నల్లమల అంచున

దూరం వెళ్లదలచినవారికి నల్లమల ఉంది. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు వెళ్లే రైలు గాజులపల్లె దాటాక అడవిలో ప్రవేశిస్తుంది. చెలమ, దిగువమెట్ట మీదుగా కొండల మధ్య సాగే ఈ దారి 1880లలో వేసినది. పగటి పూట రైలులో కిటికీ పక్క కూర్చోవడమే పిల్లలకు పెద్ద విహారం. అలసిపోయే వృద్ధులకూ వీలుగా ఉంటుంది. ఆకు రాల్చిన టేకు చెట్లు, వాటి మధ్య పచ్చగా నిలిచిన కొన్ని చెట్లు, వాగుల్లో మిగిలిన నీరు కనిపిస్తాయి.

అడవిలోకి నడిచి వెళ్లాలంటే మాత్రం అటవీశాఖ అనుమతి తప్పనిసరి. నల్లమలలో అధిక భాగం 1983 నుంచి పులుల సంరక్షణ ప్రాంతం. చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే చోటు. సరదాకు బాట తప్పి లోపలికి పోవడం విశ్వాసం కాదు. దూకమన్న అపవాదికి ప్రభువు చెప్పిన జవాబు ఇక్కడా వర్తిస్తుంది. ఫిబ్రవరి నుంచి రాలిన ఆకు ఎండి, అడవికి నిప్పు అంటుకునే కాలం మొదలవుతుంది. వన భోజనమంటూ పొయ్యి రాజేయడం, బీడీ ముక్క విసరడం ఎన్ని ఎకరాలను బూడిద చేస్తుందో చెప్పలేం. అన్నం ఇంటి నుంచే కట్టుకు వెళ్లండి. ప్లాస్టిక్ సంచిని తిరిగి ఇంటికే తీసుకురండి. స్పీకర్లు పెట్టకండి. పాట పాడాలనుకుంటే మెల్లగా నోటితో పాడుకోండి, అడవి కూడా వింటుంది. కాలువల దగ్గర చిన్నపిల్లల చేయి ఒక్క క్షణం కూడా వదలకండి. గట్టు జారుడుగా ఉంటుంది, నీటి వేగం పైకి కనిపించదు.

పేరు మిగిలి పిట్ట పోయిన చోటు

ఒక్కసారైనా పిల్లలతో వెళ్లవలసిన చోటు ఇంకొకటి ఉంది. నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడు. అక్కడి గడ్డి మైదానాన్ని 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. దేనికోసం? బట్టమేక పిట్ట కోసం. మీటరు ఎత్తున, నేల మీద ఠీవిగా నడిచే భారీ పక్షి. ఏడాదికి సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ నేల మీదే. గడ్డి భూములు సాగులోకి పోయాయి. వేట, కుక్కలు, ఆ పైన కరెంటు తీగలు. దేశంలో అనేక చోట్ల ఆ జాతి తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు ప్రధానంగా రాజస్థాన్ ఎడారి ప్రాంతంలోనే మిగిలింది. ఏ పిట్ట పేరు మీద రోళ్లపాడు లోకానికి తెలిసిందో ఆ పిట్ట ఇటీవలి సంవత్సరాల్లో అక్కడ కంటపడటమే గగనమైంది.

అయినా వెళ్లండి. కృష్ణజింకలు గంతులు వేస్తూ పరుగెత్తుతాయి. చలికాలంలో మధ్య ఆసియా వైపు నుంచి వచ్చే ఒక జాతి గద్దలు సాయంత్రం వేళ గుంపులుగా గడ్డిలోకి దిగి రాత్రి గడుపుతాయి. అవన్నీ చూపించాక పిల్లలకు బట్టమేక కథ చెప్పండి. ఆదాము ముందుకు దేవుడు జీవులను తెచ్చాడు, అతడు పేర్లు పెట్టాడు. మన తరం ఆ వరుసను తిరగేస్తోంది. పేరు నోట మిగులుతోంది, జీవి కంటి ముందు నుంచి పోతోంది. దేవుడు తాను చేసినదాన్నంతటినీ చూసి మంచిదన్నాడు. ఆయన మంచిదన్న దాన్ని మన పిల్లలు చూడకముందే మనం పోగొడితే, రేపు ఆయన ముందు ఏమని లెక్క చెబుతాం?

"ఈ లోకం మనది కాదు, మనం యాత్రికులం" అని మనం అంటుంటాం. నిజమే. యాత్రికుడు ఇల్లు తనది కాదని తెలిసి మరింత జాగ్రత్తగా వాడుకుంటాడు. సత్రానికి నిప్పు పెట్టి పోయేవాణ్ణి యాత్రికుడని ఎవరూ అనరు.

దైవ సేవకు, చెట్టూ పుట్టకూ సంబంధమేమిటని అడిగేవారికి విలియం కేరీ జీవితమే జవాబు. సేరంపూర్ మిషన్ ముద్రించిన తెలుగు కొత్త నిబంధన 1818లో వెలువడింది. ఆ మిషన్‌కు నాయకుడైన కేరీ అక్కడే పెద్ద తోట పెంచాడు, భారత వ్యవసాయ, ఉద్యాన సంఘాన్ని 1820లో స్థాపించాడు. మన సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలను పరిశోధించిన విలియం రాక్స్‌బర్గ్ మరణించాక ఆయన గ్రంథాన్ని సంపాదకత్వం వహించి అచ్చు వేయించింది కూడా కేరీయే. ఒకే మనిషి చేతుల్లో వాక్యమూ మొక్కా రెండూ ఉన్నాయి. ఒకటి పట్టుకోవడానికి రెండోదాన్ని వదలవలసిన అవసరం ఆయనకు రాలేదు.

ఈస్టరు తోట దాకా

ఈ వారాలు అటు నడిచి శ్రమల దినాల్లోకి ప్రవేశిస్తాయి. ఏటా ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో భస్మ బుధవారం వస్తుంది. మనం లెంటు అని పిలిచే ఆ మాటకు పాత ఇంగ్లిషులో వసంతమనే అర్థం. ప్రభువు ఆ నలభై రోజులు అరణ్యంలో, అడవి మృగాలతో కూడా ఉన్నాడని మార్కు ప్రత్యేకంగా రాశాడు (మార్కు 1:13). ఆ రోజుల్లో మాంసం మానేవారున్నారు, సినిమా మానేవారున్నారు. ఈసారి వారానికి ఒక సాయంత్రం ఫోన్లన్నీ ఇంట్లో బల్ల మీద పెట్టి, కుటుంబమంతా గట్టు మీదికి నడిచే దీక్ష పట్టి చూడండి. భార్యాభర్తలు మాట్లాడుకోవడానికీ, కౌమారంలో ఉన్న కొడుకు తండ్రితో నోరు విప్పడానికీ పక్కపక్కన నడవడం కన్నా మంచి మార్గం మా సేవా అనుభవంలో మరొకటి కనిపించలేదు. ఎదురెదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది. పక్కన నడిస్తే స్నేహంలా ఉంటుంది. ఎమ్మాయు దారిలో ప్రభువు చేసింది అదే కదా! ఇద్దరితో కలిసి నడిచాడు. నడుస్తుండగానే వాళ్ల హృదయాలు మండాయి.

పరీక్షలున్నాయని వెనకాడకండి. పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలకు పొద్దుటి అరగంట నడక చదువుకు చెరుపు చేయదు. అలసిన మెదడుకు అది మందు. మట్టల ఆదివారానికి ఈత మట్టలు, కొబ్బరి మట్టలు కొనుక్కురావడం కన్నా, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి చెట్టు యజమానిని అడిగి, చెట్టుకు దెబ్బ తగలకుండా కోసుకురండి. హోసన్నా అని వాళ్లు ఊపే మట్ట ఏ చెట్టుదో వాళ్లకు తెలియాలి.

ఇక పునరుత్థాన ఉదయం. మన సంఘాల్లో తెల్లవారకముందే సమాధుల తోటకు వెళ్లి కొవ్వొత్తులు వెలిగిస్తాం, సూర్యోదయ ఆరాధన చేస్తాం. ఏడాదిలో ఒక్క రోజయినా సంఘమంతా ఆరుబయట, తూర్పు ఎర్రబడటం చూస్తూ నిలబడేది ఆ రోజే. మగ్దలేనే మరియ తిరిగిలేచిన ప్రభువును మొదట చూసినప్పుడు ఆయన్ను తోటమాలి అనుకుంది (యోహాను 20:15). ఆమె పొరబడిందని అనుకుంటాం గాని, ఏదెనులో తోట వేసినవాడు, పాడైన లోకాన్ని మళ్లీ నాటడానికి మరణాన్ని గెలిచి లేచినవాడు ఆయనే. ఆ మాటలో ఆమెకు తెలియని సత్యం ఉంది.

ఆ ఉదయానికి ఇంకా వారాలున్నాయి. ఈలోగా ఒక చెట్టును ఎంచుకోండి. ఒక గట్టు మీద నడవండి. ఇంట్లో ఉన్న అవ్వనో తాతనో చేయి పట్టుకుని బయటికి తీసుకువెళ్లి, "ఇదేం చెట్టు, ఇదేం పిట్ట" అని పిల్లల చేత అడిగించండి. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక భోజనం చేసి కాసేపు నడుము వాల్చండి. నాలుగున్నరకు లేచి చెప్పులు వేసుకోండి. ఎండ తగ్గి ఉంటుంది.